రోబోతో కంప్యూటర్ సైన్స్: తప్పు చక్రంలో ఉందా, ప్రోగ్రాంలో ఉందా?

టీచర్ గారూ, మీరు అడిగింది ఇదీ: చంద్రగిరి దగ్గర హైస్కూలు, ఎనిమిదో తరగతిలో 40 మంది, పనిచేసే కంప్యూటర్లు 10, దాతలు ఇచ్చిన డబ్బు 25 వేలు. పోయినేడు కొన్న కిట్‌తో వైర్లు బిగించడానికే పీరియడ్లన్నీ అయిపోయాయి. ఈసారి ఏ రోబో కొనాలి, దాంతో లూపులు (ఒకే పని మళ్లీమళ్లీ చేయించడం), కండిషన్లు (ఇట్లా ఐతే అట్లా చేయి అనడం), వేరియబుల్స్ (విలువను గుర్తుంచుకునే పేర్లు) నిజంగా ఎలా చెప్పాలి?

కొనే విషయానికి ముందు అసలు చిక్కు ఎక్కడుందో చెప్తాను. ఒక బాబు ప్రోగ్రాం సరిగ్గానే రాస్తాడు, రోబో వంకరగా పోతుంది. ఒక పాప తప్పు రాస్తుంది, బ్యాటరీ దిగిపోయి ఉండడంతో రోబో సరిగ్గా గోడ ముందే ఆగుతుంది. ఇద్దరూ నేర్చుకున్నది తప్పే. స్క్రీన్ మీద బొమ్మ కదలకపోతే ఆ తప్పు ప్రోగ్రాందే, అందులో అనుమానం లేదు. నేల మీద అట్లా కాదు. బ్యాటరీ, చక్రం, కిటికీలోంచి పడే ఎండ, కింద పరిచిన బండలు, అన్నీ మధ్యలో దూరతాయి. అందుకే క్లాసుకు ముందు సామాన్ల తప్పులు వీలైనన్ని తీసేయాలి. మిగిలినవాటిని పిల్లలే విడదీసి పట్టుకునే పద్ధతి నేర్పాలి. ఆ పద్ధతే అసలైన కంప్యూటర్ సైన్స్ పాఠం.

పద్ధతి చిన్నదే. ప్రోగ్రాం నడిపే ముందు రోబో ఎక్కడ ఆగుతుందో పిల్లలు సుద్దముక్కతో నేల మీద గుర్తు పెట్టాలి. గుర్తు లేకుండా స్విచ్ వేయనివ్వకండి. తర్వాత అదే ప్రోగ్రాం, అదే చోటు నుంచి, మూడుసార్లు నడపాలి. మూడుసార్లూ మూడు చోట్ల ఆగితే ముందు సామాను చూడాలి. మూడుసార్లూ ఒకే తప్పు చోట ఆగితే ముందు ప్రోగ్రాం చూడాలి. అప్పటికీ తేలకపోతే అదే ప్రోగ్రాం పక్క రోబోలోకి ఎక్కించాలి. తప్పు ప్రోగ్రాంతో పాటు కొత్త రోబోలోకి వచ్చిందంటే అది ప్రోగ్రాందే, పాత రోబోలోనే ఉండిపోయిందంటే ఆ రోబోదే. ఇందుకోసం రోబోలన్నీ ఒకే రకంగా, ఒకే పిన్నులకు వైరింగుతో, పైన నంబర్లు వేసి ఉండాలి. నాలుగు కంపెనీల నాలుగు కిట్లు కొంటే ఈ పరీక్ష చేయలేరు.

ఇక కొనడం. పది కంప్యూటర్లకు పది రోబోలు అక్కర్లేదు, ఆరు చాలు. నలుగురేసి పది జట్లు చేసి, రెండు జట్లకు ఒక రోబో ఇవ్వండి. ఒక జట్టు నేల మీద పరీక్షిస్తుంటే రెండోది రాసుకుంటూ, కాగితం మీద ప్రోగ్రాం ఒక్కో వరుసా చదువుకుంటూ ఉంటుంది. ఆరోది స్పేర్. ఒక్కో రోబోకు ప్రోగ్రాం నడిపే ఆర్డుయినో ఊనో నమూనా బోర్డు సుమారు 500 రూపాయలు, బోర్డు చెప్పినట్టు మోటార్లకు కరెంటు పంపే ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్ 150, రెండు పసుపు బీఓ మోటార్లు (బ్యాటరీతో నడిచే గేరు మోటార్లు), 65 మిల్లీమీటర్ల చక్రాలు, ముందు చిన్న చక్రంతో కలిపి చాసిస్ (రోబో చట్రం) 450, హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ (ప్రతిధ్వనితో దూరం కొలిచేది) 80, నేల నలుపో తెలుపో చూసే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) సెన్సర్లు రెండు 80, చక్రం తిరగడాన్ని లెక్కపెట్టే ఎన్‌కోడర్ల జత 120, రక్షణ సర్క్యూట్ ఉన్న 18650 లిథియం సెల్స్ (మళ్లీమళ్లీ చార్జ్ చేసేవి) రెండు 400, హోల్డర్, స్విచ్, వైర్లు 160. దుకాణాన్ని బట్టి అటూఇటూగా 2 వేలు, ఆరింటికి 12 వేలు. చార్జర్, మల్టీమీటర్, నాలుగు అదనపు మోటార్లు, ట్రాక్ సామాను మరో 3 వేలు అనుకోండి. మిగిలింది ఏడాది మధ్యలో పోయే వాటికి దాచండి, పోకుండా ఉండవు. తిరుపతిలో అన్నీ ఒకేచోట దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఒక్క పూటలో అయిపోతుంది. మీ మండలంలో ఏ బడిలోనైనా అటల్ టింకరింగ్ ల్యాబ్ (కేంద్ర ప్రభుత్వ పథకం కింద పిల్లలు చేత్తో చేసి నేర్చుకునే ప్రయోగశాల) ఉంటే ముందు అక్కడ అడగండి. ఆ పథకం కింద బడికి 20 లక్షల దాకా గ్రాంటు వస్తుంది, ఇవే సామాన్లు అక్కడ ఉండే అవకాశం ఎక్కువ.

ఫోన్ యాప్‌తో నడిపే బ్లూటూత్ కారు కిట్లు మాత్రం కొనకండి. పిల్లలకు సరదాగా ఉంటుంది, కానీ అక్కడ ఆలోచించేది పిల్లవాడి బొటనవేలు, ప్రోగ్రాం కాదు. పైగా బ్లూటూత్ మాడ్యూల్ 0, 1 పిన్నులకు తగిలించి ఉంటే ప్రోగ్రాం ఎక్కదు. ఆ ఎర్రర్ ఎందుకొచ్చిందో తెలియక అరగంట పోతుంది.

బిగించడం పిల్లలతోనే చేయించండి, కానీ ఒక్కసారే, రెండు వరుస పీరియడ్లు తీసుకుని. తర్వాత ఏడాదంతా విప్పొద్దు. బిగించేటప్పుడు ఇవి చూడండి. ఆర్డుయినో గ్రౌండు (GND అని రాసి ఉండే పిన్ను), డ్రైవర్ గ్రౌండు కలపకపోతే మోటార్లు పిచ్చిగా తిరుగుతాయి లేదా అసలు తిరగవు. అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. వేగం మార్చాలంటే డ్రైవర్ మీద రెండు ఎనేబుల్ జంపర్లు (చిన్న ప్లాస్టిక్ టోపీలు) పీకేసి, వాటి కింది ఎనేబుల్ పిన్నులను ఆర్డుయినో 5, 6 పిన్నులకు కలపండి. 9, 10కి కలిపితే రేపు సర్వో మోటార్ (చెప్పిన కోణానికి తిరిగేది) పెట్టిన రోజున వేగం నియంత్రణ పోతుంది. ఎన్‌కోడర్లు 2, 3కి, ఎందుకంటే ఊనోలో ఇంటరప్ట్ పిన్నులు (సిగ్నల్ రాగానే చేస్తున్న పని ఆపి లెక్కపెట్టించేవి) అవే. ఒక్కో మోటారు రెండు కొసల మధ్య 104 అని రాసి ఉండే చిన్న కెపాసిటర్, బ్యాటరీ రెండు కొసల మధ్య 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి. ఇవి లేకపోతే మోటారు తిరగబోయే క్షణంలో వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది, రోబో మొదటి అడుగునే మళ్లీమళ్లీ వేస్తుంది. పిల్లలకు అది లూపులా కనబడుతుంది! సామాను తప్పు ప్రోగ్రాం తప్పులా వేషం వేసుకోవడమంటే ఇదే.

ఒక చిన్న పుష్ బటన్ కూడా పెట్టి, అది నొక్కితేనే ప్రోగ్రాం మొదలయ్యేలా చేయండి. లేకపోతే ప్రోగ్రాం ఎక్కిన మరుక్షణం రోబో పరుగెత్తి టేబుల్ మీంచి కింద పడుతుంది.

బ్యాటరీ గురించి కొంచెం ఆగి చెప్పాలి. మల్టీమీటర్‌లో వేసే చదరపు 9 వోల్టుల బ్యాటరీ కిట్లలో ఇస్తారు, అది మోటార్లకు పనికిరాదు, అంత కరెంటు ఇవ్వలేదు. రెండు 18650 సెల్స్ నిండుగా ఉంటే 8.4 వోల్టులు, కాసేపు వాడాక 7.4. ఎల్298ఎన్ తన దగ్గరే సుమారు 2 వోల్టులు మింగేస్తుంది. అంటే మోటారుకు మొదట 6.4 అందితే తర్వాత 5.4, ఆరో వంతు తగ్గింది. పొద్దున 0.6 సెకన్లకు సరిగ్గా 90 డిగ్రీలు తిరిగిన రోబో మధ్యాహ్నం అదే 0.6 సెకన్లకు 76 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మారలేదు. ‘చతురస్రం గీయి’ అనే పాఠాన్ని చెడగొట్టేది ఇదే. పీరియడ్ మొదట్లో ప్రతి రోబో వోల్టేజీ కొలిచి దాని మీద అంటించిన కాగితంలో రాయించండి. 7 కంటే దిగితే చార్జింగుకు పంపండి. చార్జింగు టీచరే చేయాలి, మనిషి ఉన్నప్పుడే, మండే వస్తువులకు దూరంగా. సెల్స్‌ను ఎండలో, తాళంచెవులున్న సంచిలో పెట్టనివ్వకండి.

అందుకే సెకన్లతో కాకుండా ఎన్‌కోడర్ లెక్కతో నడపమంటున్నాను. 65 మిల్లీమీటర్ల చక్రం ఒక చుట్టుకు 204 మిల్లీమీటర్లు కదులుతుంది. చక్రంతో పాటు తిరిగే ఎన్‌కోడర్ బిళ్లలో 20 గాళ్లుంటాయి, అంటే ఒక్కో గాడికి 10.2 మిల్లీమీటర్లు. అర మీటరు పోవాలంటే 49 గాళ్లు. రెండు చక్రాల మధ్య దూరం 13 సెంటీమీటర్లైతే, ఉన్నచోటే 90 డిగ్రీలు తిరగడానికి ఒక్కో చక్రం పావు వృత్తం, అంటే 10.2 సెంటీమీటర్లు, సరిగ్గా 10 గాళ్లు కదలాలి. ఒక్క గాడి తేడా వస్తే 9 డిగ్రీలు తేడా. ఈ లెక్క బోర్డు మీద పిల్లలతో చేయించండి. వృత్తపరిధి సూత్రం మొదటిసారి వాళ్లకు పనికొచ్చే వస్తువుగా కనబడుతుంది. గాళ్లు రెండింతలు, మూడింతలు లెక్కకొస్తుంటే ఎన్‌కోడర్ అవుట్‌పుట్‌కూ గ్రౌండుకూ మధ్య ఇంకో 104 కెపాసిటర్ పెట్టండి, సర్దుకుంటుంది.

వేగాన్ని 0 నుంచి 255 దాకా ఇస్తారు గదా, 60 పెడితే బీఓ మోటారు కూస్తుంది గానీ కదలదు. 110 కంటే కింద వాడొద్దని ముందే చెప్పేయండి.

పాఠాల క్రమానికి వస్తే, మొదటి వారం రోబో బయటకు తీయకండి. వరండాలో తొక్కుడుబిళ్ల గళ్లు గీసి, ఒకరిని రోబోగా నిలబెట్టి, ఇంకొకరు చీటీల మీద ‘ముందుకు’, ‘కుడికి’, ‘ఎడమకి’ రాసి వరుసగా ఇవ్వాలి. రోబో అయిన పాప చీటీలో ఉన్నదే చేయాలి, లేనిది చేయకూడదు. ‘కుడికి’ అంటే అక్కడే తిరగడమా, తిరిగి ఒక గడి జరగడమా అని గొడవ వస్తుంది. రానివ్వండి. ఆదేశానికి ఒకే అర్థం ఉండాలన్న సంగతి ఆ గొడవలోంచే తెలుస్తుంది. 1967లో పుట్టిన లోగో భాష కూడా పిల్లలకు జ్యామితి చెప్పడానికి ఇదే దారి పట్టింది. నేల మీద పాకే తాబేలు రోబోకు ఇంత ముందుకు, ఇంత కుడికి అని చెప్పేవారు.

రెండో వారం నుంచి బ్లాకులు, అంటే టైపు చేయకుండా స్క్రీన్ మీద ముక్కలు పేర్చి ప్రోగ్రాం రాయడం. ఎంబ్లాక్ గానీ పిక్టోబ్లాక్స్ గానీ కంప్యూటర్‌లోనే ఇన్‌స్టాల్ చేసి పెట్టుకోండి, నెట్ మీద ఆధారపడొద్దు. అందులో లైవ్ మోడ్ (పిక్టోబ్లాక్స్‌లో దాని పేరు స్టేజ్ మోడ్), అప్‌లోడ్ మోడ్ అని రెండుంటాయి. లైవ్‌లో కేబుల్ తీస్తే రోబో చచ్చిపోయినట్టు ఆగుతుంది. నేల మీద తిరగాలంటే అప్‌లోడే. ‘ముందుకు’, ‘కుడికి’, ‘ఎడమకి’, ‘ఆగు’ అనే నాలుగు బ్లాకులు మీరే తయారుచేసి ఇవ్వండి. లోపల పిన్నుల గొడవ వాళ్లకు తర్వాత చూపించొచ్చు. లూపు చెప్పడానికి రోబోకు స్కెచ్ పెన్ను కట్టి ముగ్గు వేయించండి: నాలుగుసార్లు ముందుకు, కుడికి. దాన్నే ఇంకో లూపులో పెట్టి, ప్రతిసారీ కొంచెం తిప్పితే పువ్వు వస్తుంది. పెన్ను రెండు చక్రాల మధ్య సరిగ్గా నడిమిలో ఉండాలి. వెనకో ముందో కడితే రోబో తిరిగినప్పుడల్లా మూల దగ్గర విల్లులాంటి గీత పడుతుంది, పిల్లలు ప్రోగ్రాంలో వెతుక్కుంటారు.

కండిషన్లకు అల్ట్రాసోనిక్ సెన్సర్ కంటే మంచిది లేదు. ఒక తప్పు దాదాపు ప్రతి జట్టూ చేస్తుంది. దాన్ని మీరు సరిచేయకండి, నడవనివ్వండి. వాళ్లు రాసేది ఇట్లా ఉంటుంది: ‘దూరం 20 కన్నా తక్కువైతే ఆగు.’ కింద విడిగా: ‘దూరం 40 కన్నా తక్కువైతే నెమ్మదిగా పో.’ రోబో గోడ దగ్గర నెమ్మదిస్తుంది, ఆగకుండా పోయి గుద్దుకుంటుంది. ‘సెన్సర్ పోయింది సార్’ అంటారు. అప్పుడు కేబుల్ తగిలించి, చక్రాలు గాల్లో ఉండేలా డబ్బా మీద పెట్టి, సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే విలువలు కంప్యూటర్ మీద చూపే కిటికీలో) దూరం చూడమనండి. చెయ్యి అడ్డం పెడితే 15 అని కనబడుతుంది. సెన్సర్ బాగానే ఉంది. ఇక దూరం 15 అనుకుని ప్రోగ్రాంను వేలితో ఒక్కో వరుసా చదవాలి. 15 అనేది 20 కన్నా తక్కువ, ఆగింది. కింది వరుస: 15 అనేది 40 కన్నా కూడా తక్కువ, మళ్లీ కదిలింది. కన్ను పట్టలేనంత వేగంగా ఆగి కదిలింది. అక్కడ ‘లేకపోతే’ అనే మాట ఎందుకు పుట్టిందో ఆ పిల్లలకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఇదే సెన్సర్‌తో ఇంకోటి జరుగుతుంది. ఖాళీ హాల్లో ఎదురుగా ఏమీ లేకున్నా రోబో ఆగిపోతుంది. టైమౌట్ (ఇంతసేపే ఎదురుచూడు అనే గడువు) పెట్టి కొలిచినప్పుడు ప్రతిధ్వని తిరిగి రాకపోతే వచ్చే విలువ 0. సున్నా 20 కన్నా తక్కువే గదా, ఆగింది. ఇక్కడ 0 అంటే దూరం కాదు, ‘జవాబు రాలేదు’ అని అర్థం. దాన్ని వేరే కండిషన్‌గా రాయాలి. ఏటవాలు గోడలు కూడా ఇట్లాగే ప్రతిధ్వనిని పక్కకు తిప్పేస్తాయి, గుడ్డ కర్టెన్లు మింగేస్తాయి. ఎండకు ధ్వని వేగం మారుతుందే అని బెంగ పెట్టుకోకండి. 20 డిగ్రీలకు సెకనుకు 343 మీటర్లు, 40 డిగ్రీలకు సుమారు 355. మన వేసవిలో కూడా 20 సెంటీమీటర్ల దగ్గర తేడా ఒక సెంటీమీటరు లోపే.

ఎండ నిజంగా చెడగొట్టేది ఐఆర్ సెన్సర్లను. సూర్యకాంతిలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది, వరండాలో లైన్ ఫాలోయర్ (నేల మీద గీత వెంట పోయే రోబో) నడవదు. గదిలో, ఎండ నేరుగా పడని వైపు పెట్టుకోండి. ట్రాక్‌కు నాపరాళ్ల నేల వద్దు, రంగు మారుతూ ఉంటుంది. ఊళ్లో ఫ్లెక్స్ కొట్టే షాపులో వెనకవైపు తెల్లగా, మెరుపు లేకుండా ఉన్న పాత బ్యానర్ తెచ్చి తిరగేసి పరవండి. దాని మీద నల్ల ఇన్సులేషన్ టేపు అంటించండి. స్కెచ్ పెన్ను గీత మన కంటికి నల్లగా ఉన్నా కొన్ని సిరాలు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపవు, సెన్సర్‌కు అక్కడ గీతే ఉండదు. సెన్సర్లు నేలకు 5 నుంచి 10 మిల్లీమీటర్ల ఎత్తులో, టేపుకు చెరోవైపు, ఒకదానికొకటి 3 సెంటీమీటర్ల ఎడంలో ఉండాలి. ఎల్ఈడీ వెలుగుతోందో లేదో ఫోన్ సెల్ఫీ కెమెరాతో చూస్తే చాలాసార్లు ఊదా రంగులో కనబడుతుంది.

ట్రాక్‌ను తిరుమల ఘాట్ రోడ్డులా వేయండి, ఊరికే గుండ్రంగా వద్దు. రెండు సెన్సర్లకు నాలుగు స్థితులే: రెండూ తెలుపైతే నేరుగా, ఎడమది నలుపైతే ఎడమకు, కుడిది నలుపైతే కుడికి, రెండూ నలుపైతే ఆగు. ఈ పట్టిక పిల్లలే రాసుకోవాలి. సాఫీ మలుపుల్లో రోబో చక్కగా పోతుంది. హెయిర్‌పిన్ మలుపు రాగానే దాటిపోయి బయట పడుతుంది, ఇక ఎప్పటికీ వెనక్కి రాదు. ఎందుకు? బయటపడ్డాక రెండు సెన్సర్లకూ తెలుపే. పట్టిక ప్రకారం తెలుపంటే నేరుగా. అది చెప్పినట్టే చేస్తోంది, తప్పు పట్టికదే. గీత మధ్యలో ఉన్నా రెండూ తెలుపే, గీత పోగొట్టుకున్నా రెండూ తెలుపే, రోబోకు ఆ రెంటికీ తేడా తెలీదు. తేడా తెలియాలంటే చివరగా ఏ వైపు నలుపు చూసిందో గుర్తుండాలి. ‘చివరి వైపు’ అని ఒక వేరియబుల్, ఎంతసేపటి నుంచి రెండూ తెల్లగా ఉన్నాయో ఇంకొకటి. కొద్దిసేపు దాటితే చివరి వైపుకు తిరుగు. వేరియబుల్ అంటే ‘విలువ దాచే పెట్టె’ అని చెప్పేదానికన్నా, గుర్తు లేకపోతే లోయలో పడతాం అని ఇక్కడ చూపించడం మేలు. దీనికి నాలుగు పీరియడ్లు పట్టినా పట్టనివ్వండి. సెన్సర్లు ఐదుకు పెంచేసి సమస్య తీర్చకండి, పాఠం పోతుంది.

డిలే (ఒక సెకను ఊరికే ఆగమనే ఆదేశం) వాడితే ఆ సెకను పాటు రోబో కళ్లు మూసుకున్నట్టే అన్న సంగతి కూడా ఈ మలుపుల్లోనే బయటపడుతుంది. మిల్లీసెకన్ల లెక్కతో దాన్ని తీసేయడం తొమ్మిదో తరగతికి వదిలేయొచ్చు.

ఏడాది చివర క్యూ చెప్పాలనుకుంటే మన జిల్లాలో ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. శ్రీవారి దర్శనం క్యూలైన్ తెలియని పిల్లలు ఉండరు: ముందొచ్చినవాళ్లు ముందు. రోబోకు నాలుగు బటన్లు పెట్టి, నొక్కిన ఆదేశాలన్నీ 20 గళ్ల అర్రేలో (విలువలు వరుసగా దాచే పట్టీలో) దాచి, తర్వాత ఒక్కోటీ తీసి నడిపించండి. మన జిల్లాలోని శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న బయల్దేరిన చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ రోవర్‌ను కూడా ఆటబొమ్మ కారులా రిమోట్‌తో తిప్పడం కుదరలేదు. సిగ్నల్ చంద్రుడి దాకా పోవడానికే సుమారు 1.3 సెకన్లు, జవాబు రావడానికి మరో 1.3. కాబట్టి ఆదేశాలు ముందే పంపాల్సి వచ్చింది. ఇక 21వ బటన్ నొక్కితే? తిరుమలలో కంపార్ట్‌మెంట్లు నిండితే బయట ఆపుతారు. ఆర్డుయినోలో ఆపమని మనం రాయకపోతే ఆపదు, పక్కనున్న మెమరీలో రాసేస్తుంది. ఎర్రర్ చూపించదు, ఇంకెక్కడో రోబో వింతగా ప్రవర్తిస్తుంది. ఊనోలో ర్యామ్ 2 కిలోబైట్లే. ఒకసారి ఇది కావాలనే చేయించి చూపండి.

జట్టులో పనులు తిప్పాలి: టైపు చేసేవారు, ప్రోగ్రాం వేలితో చదివేవారు, రోబోను పట్టుకునేవారు, రాసేవారు. 15 నిమిషాలకోసారి మార్చకపోతే కీబోర్డు ఒకే అబ్బాయి దగ్గర, నోట్‌బుక్ ఒకే అమ్మాయి దగ్గర ఏడాదంతా ఉండిపోతాయి. నోట్‌బుక్‌లో మూడు గళ్లు: ఏం అనుకున్నాం, ఏం జరిగింది, ఏం మార్చాం. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్కులు ఈ నోట్‌బుక్‌కు ఇవ్వండి, ఎవరి రోబో ముందు చేరిందన్న దానికి కాదు. పరీక్షలో ఒక చిన్న ప్రోగ్రాం ఇచ్చి, అందులో ఒక అంకె మార్చి, రోబో ఎక్కడ ఆగుతుందో గీయమనండి. రోబో ముట్టుకోకుండా గీయగలిగితే వచ్చినట్టే.

పోయినేటి కిట్ పారేయకండి. మోటార్లు ఒక్కోటీ 5 వోల్టులకు పెట్టి చూడండి, తిరిగినవి స్పేర్లు. బోర్డును కంప్యూటర్ గుర్తించకపోతే దాని మీద సీహెచ్340 అనే యూఎస్‌బీ చిప్ ఉందేమో చూసి కంప్యూటర్‌లో ఆ చిప్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయండి. ‘చెడిపోయింది’ అని పక్కన పెట్టిన బోర్డుల్లో అట్లా లేచి కూర్చునేవి చాలా ఉంటాయి. లేచాక దాన్ని కొత్త వాటితో కలపకుండా టీచర్ టేబుల్ మీద పెట్టుకోండి, కొత్త ప్రోగ్రాం ముందుగా దాని మీద నడిపి చూసుకోవచ్చు.